మడతకత్తి
ఫ్రాన్సు దేశపు సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో ఒక మడతకత్తిని రూపొందించాడు. కొయ్యపిడి, ఉక్కు అలుగు, రెండింటినీ కలిపే చీల దాని ముఖ్యభాగాలు. తెరచిన అలుగును కదలనీయక బంధించే తిరుగుడు వలయం 1955లో చేరింది.

తేమ సోకినప్పుడు కొయ్య ఉబ్బి అలుగును బిగబట్టుతుంది. అప్పుడు బలవంతంగా లాగితే వేలు తెగే ప్రమాదముంది. సవోయ్ వాసుల పేరుతో ప్రసిద్ధమైన ఉపాయం వేరు. వలయాన్ని విడిపించి, పిడి కొనను బల్లపై తట్టితే అలుగు కొంత పైకి వస్తుంది. పిమ్మట కత్తిని నీడలో ఆరబెట్టి, చీలవద్ద ఒక చుక్క నూనె వేయాలి.

అప్పటికీ బిగువు తగ్గకున్న, గాడి లోపలి గోడలను గరుకు కాగితంతో స్వల్పంగా రుద్దవచ్చు. అయితే తేమకు ఉబ్బిన కొయ్య ఆరితే తగ్గుతుంది. అరగదీసిన కొయ్య మరల రాదు. కనుక మొదట ఓర్పు, పిదపనే గరుకు కాగితం.