పనిచోట ప్రాణం కూడా అమానతే

మదీనాలో ఒక రాత్రి ఒక ఇంటికి నిప్పంటుకుంది. ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయింది. ఆ వార్త విన్న దైవప్రవక్త (స) నిప్పు మనకు శత్రువని, నిద్రపోయే ముందు దాన్ని ఆర్పివేయాలని ఉపదేశించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ మాటను మనలో చాలామందిమి చిన్ననాడే విన్నాం. కాని దాన్ని ఇంట్లోని దీపానికి, పొయ్యికి పరిమితం చేసుకున్నాం. కోనసీమలో నివసించే మనం అలా పరిమితం చేసుకోవడం సరికాదు. ఇక్కడ నిప్పుకు కావలసిన సరంజామా మన కాళ్ళ కిందే ఉంది.

1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావిలోంచి గ్యాస్ ఎగదన్ని అంటుకుంది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ గొట్టం పగిలింది. ఊరి మీద పరుచుకున్న గ్యాస్, టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే భగ్గుమందని అప్పటి వార్తా కథనాలు చెప్పాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తేమతో కూడిన గ్యాస్ పంపడం వల్ల అది లోపలినుంచి తుప్పు పట్టిందని విచారణలో తేలింది.

తుప్పు ఒక్క రాత్రిలో పట్టదు. ఇలాంటి ప్రమాదం ఎక్కడ జరిగినా, దానికి ముందు ఎన్నో రోజులు, ఎన్నో చేతులు ఉంటాయి. మీటరు చూసేవారు ఉంటారు, లైను వెంట నడిచేవారు ఉంటారు, రిజిస్టరులో సంతకం పెట్టేవారు ఉంటారు. నగరంలో ఎవరి తప్పు ఎంత అన్నది తేల్చడం మన పని కాదు. మన ఇళ్ళనుంచి కూడా ఎందరో కాంట్రాక్టు కూలీలుగా, డ్రైవర్లుగా, వెల్డర్లుగా పనిలోకి వెళ్తున్నారు. ప్రమాదాన్ని కళ్ళారా చూసిన పనివాడి బాధ్యత ఏమిటన్నదే మనకు కావలసిన ప్రశ్న.

నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ ఉపమానం బుఖారీలో ఉంది. కింది అంతస్తులో ఉన్నవారు నీళ్ళ కోసం మాటిమాటికీ పైకి వెళ్ళి ఇతరులను ఇబ్బంది పెట్టడం ఎందుకని, తమ వాటాలోనే ఓడకు రంధ్రం చేయబోతారు. పైవారు ఊరుకుంటే అందరూ మునుగుతారు, చేయి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు. గమనించండి, రంధ్రం చేసేవారి ఉద్దేశం చెడ్డది కాదు. పని సులువు చేసుకుందామనుకున్నారు, అంతే! పనిచోట జరిగే చాలా ప్రమాదాల మూలం ఇదే. యంత్రానికి ఉన్న రక్షణ కవచం అడ్డంగా ఉందని తీసేస్తారు. చెరువు మీది ఏరియేటర్ మోటారు ఆగితే మెయిన్ ఆపకుండానే తడి చేతులతో పెట్టె తెరుస్తారు. పక్కనున్నవాడు చూసి కూడా, నాకెందుకులే అనుకుంటాడు.

దేశ చట్టం కూడా పనివాడిమీద ఈ బాధ్యతనే పెట్టింది. 1948 ఫ్యాక్టరీల చట్టం భద్రతా పరికరాలను పాడుచేయరాదని, వాడకుండా నిర్లక్ష్యం చేయరాదని శాసించింది. దాని స్థానంలో 2025 నవంబరు 21నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం కార్మికుడు తన క్షేమమే కాక, తన పనివల్ల దెబ్బతినగల ఇతరుల క్షేమం కూడా చూసుకోవాలి. ప్రమాదకర పరిస్థితి కంటబడితే వీలైనంత త్వరగా యజమానికి తెలపాలి. ప్రాణాపాయం ముంచుకొస్తుందనిపిస్తే ఇన్‌స్పెక్టరుకు కూడా తెలియజేసే హక్కు ఉంది. ఇంకొక విషయం మన కుటుంబాలకు చాలామందికి తెలియదు. మత్తులో ఉండిగాని, భద్రతా ఆదేశాన్ని కావాలని ధిక్కరించిగాని గాయపడితే, మరణమో శాశ్వత పూర్తి వైకల్యమో సంభవిస్తే తప్ప, నష్టపరిహారం చెల్లించే బాధ్యత యజమానికి ఉండదు. 1923 నాటి పరిహార చట్టంలో ఉన్న ఈ నిబంధన కొత్త సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. హెల్మెట్ బరువనుకుని పక్కన పెట్టినవాడు భార్యాబిడ్డల నోటి ముద్దను కూడా పక్కన పెట్టినట్లే.

“చెబితే పని పోతుందండీ” అంటారు కొందరు. ఆ భయం అబద్ధం కాదు. రోజుకూలీ మాటకు, ఇంజనీరు మాటకు ఒకే విలువ ఉంటుందని మనం నటించనక్కర్లేదు. యజమాని బాధ్యత పెద్దది. పనివారు మీ సోదరులని, వారి శక్తికి మించిన భారం మోపవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించింది యజమానులనే. అయినా ప్రతి ఒక్కరూ కాపరులేనన్న హదీసులో సేవకుడిని కూడా ప్రత్యేకంగా ప్రస్తావించారు, యజమాని సొత్తు విషయంలో అతనూ జవాబుదారీయేనని. ఒంటరిగా చెప్పలేకపోతే నలుగురు కలిసి చెప్పవచ్చు. కాగితం మీద రాసి, తేదీ వేసి ఇవ్వవచ్చు.

ఇక కొబ్బరి దింపు కార్మికుల సంగతి. అంబాజీపేట, అమలాపురం, రాజోలు తోటల్లో తడిసిన మాను మీదికి ఎక్కేటప్పుడు “అల్లాహ్ ఉన్నాడు” అంటూ పాత తాడుతోనే ఎక్కేవారిని మనం చూస్తున్నాం. ఒంటెను కట్టివేసి తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న బోధ తిర్మిజీలో ఉంది. తాడు పరీక్షించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అది తవక్కుల్‌లో భాగమే. మీ చేతులారా మిమ్మల్ని వినాశంలోకి నెట్టుకోవద్దన్న ఆదేశం బఖరా సూరా 195వ ఆయతులో ఉంది. మట్టల మధ్యనుంచి కరెంటు తీగ పోతున్న చెట్టుకు లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా ఆగాలి. కత్తి విషయం కూడా అంతే. మస్జిదులోనో బజారులోనో బాణాలతో నడిచేవారు వాటి మొనలను పట్టుకోవాలని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు, ఎవరికీ గీసుకోకూడదని. చెట్టు మీదినుంచి కత్తి, గెల జారవిడిచే ముందు కింద పిల్లలున్నారేమో చూడడం ఆ ఆజ్ఞ పరిధిలోకే వస్తుంది. కొబ్బరి అభివృద్ధి బోర్డువారి కేర సురక్ష ప్రమాద బీమా ఉంది. తోట యజమానులు తమ దింపువారిని అందులో చేర్పించడం మంచిది.

ఎండాకాలంలో రమజాన్ వచ్చినప్పుడు ఉపవాసంతో చెట్టెక్కవచ్చా అని అడుగుతారు. సహ్రీ చేసి ఉపవాసం మొదలుపెట్టాలి. వీలైతే దింపు పని ఫజ్ర్ తర్వాత చల్లని వేళకు మార్చుకోవాలి. పనిలో కళ్ళు తిరిగి, ప్రాణానికి ముప్పని అనిపిస్తే వెంటనే దిగి ఉపవాసం విరమించాలి. ఆ ఉపవాసాన్ని తర్వాత ఖజా చేసుకోవచ్చు.