తల్లిదండ్రుల సేవ, పసివాళ్ల భుజాలు

తల్లిదండ్రుల సేవ ఎంత గొప్ప పుణ్యకార్యమో మనం పిల్లలకు చిన్ననాటి నుంచే నేర్పుతాం. నేర్పాలి కూడా. కానీ ఆ బాధ్యత ఏ వయసులో ఎవరి మీద ఉంటుందన్నది ఆలోచించం. కరోనా రోజుల్లో ఆ ప్రశ్న మన గడపలోకే వచ్చింది.

విజయనగరం జిల్లా రామతీర్థం, నెల్లిమర్ల వైపు పల్లెలనే తీసుకోండి. ఉత్తరాంధ్ర నుంచి హైదరాబాదుకు, చెన్నైకి కూలిపనులకు వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. పిల్లలు నానమ్మ తాతయ్యల దగ్గర ఉండిపోతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి తల్లిదండ్రులు నగరంలో చిక్కుకుపోతే, అటువంటి ఇంట్లో ముసలివాళ్ల మందులు, నీళ్లు, వంట ఎవరు చూడాలి? ఉన్న ఆ పిల్లే చూడాలి. 2021లో రెండో విడత వచ్చేసరికి కన్నవారే మంచం పట్టారు. అంటుజబ్బు గనుక బంధువులు గడప తొక్కలేకపోయారు. ఆక్సీమీటరులో అంకె 94 కంటే దిగుతుందేమోనని పిల్లలు కళ్లప్పగించి కూర్చున్న ఇళ్లున్నాయి.

మన రాష్ట్రంలో బడులు 9, 10 తరగతులకు 2020 నవంబరు 2న తిరిగి తెరిచారు. మధ్యలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. పొయ్యి దగ్గర నిలబడ్డ పిల్లకు ఆ పాఠం ఎలా ఎక్కుతుంది? చదువు వెనకబడింది, నిద్ర చెడింది. అమ్మకు ఏమవుతుందోనన్న భయం చెప్పుకునే దిక్కు కూడా లేకపోయింది. ఇందులో ఎక్కువ భారం ఆడపిల్లలదే. (మగపిల్లవాడు గిన్నె ముట్టకూడదని ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు. దైవప్రవక్త (స) స్వయంగా ఇంటి పనులు చేసేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు.)

యుక్తవయసు రాని పిల్లలపై ధర్మవిధులు విధిగా ఉండవని మన ధర్మవేత్తలందరూ ఒప్పుకున్న మాట. నమాజుకే వయసు చూసే ధర్మం, రోగి భారమంతా పదేళ్ల పిల్ల మీద వేయమంటుందా? పిల్ల ప్రేమతో చేసే సేవకు పుణ్యం ఉంది. ఆ పని తమది కాదన్నట్టు పెద్దలు పక్కకు తప్పుకుంటే మాత్రం వారిని ప్రశ్నించాల్సిందే.

2021 మేలో కేంద్రం, మన రాష్ట్రం కరోనాలో అనాథలైన పిల్లలకు సహాయం ప్రకటించాయి. అది మంచి పని. తల్లి బతికే ఉండి, లేవలేని స్థితిలో ఉన్న పిల్ల ఆ లెక్కలోకి రాదు. ఇంగ్లండులో ఇటువంటి పిల్లల అవసరాలను స్థానిక ప్రభుత్వం పరిశీలించాలని 2014 నాటి చట్టం చెబుతోంది. మన దగ్గర పొరుగువారే చూడాలి. జమాఅత్ పెద్దలు వీధిలో అటువంటి ఇల్లు ఏదో తెలుసుకుని, ఒక పూట వంట ఒకరు, ఆసుపత్రి ప్రయాణం మరొకరు పంచుకుంటే, మరునాడు ఆ పిల్ల బడికి వెళుతుంది.