రెండుసార్లు నొక్కినా ఒక్కటే రసీదు

గౌరవనీయులైన దాతలకు, కంప్యూటర్ కోర్సులు చదువుతున్న మన పిల్లలకు ఉపయోగపడుతుందని ఈ పాఠం రాస్తున్నాను. వెబ్ అప్లికేషన్లు రాయడం నా వృత్తి. ఈ పాఠం మాత్రం నాకు చదువులో దొరకలేదు, నేను చేసిన తప్పులో దొరికింది.

కొన్నేళ్ల క్రితం ఒక సేవా సంస్థకు విరాళాల పేజీ రాసిచ్చాను. ఒకరోజు ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బేటా, రెండు వేలు పంపాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటే మళ్లీ నొక్కాను. ఖాతాలోంచి రెండుసార్లు పోయాయి. వెనక్కి అడగడం లేదు. కానీ అది జకాత్ సొమ్ము. మీ పుస్తకంలో నాలుగు వేలు పడిందా, రెండు వేలేనా?" అన్నారు.

చూస్తే రెండు వేలే ఉంది. మిగతా రెండు వేలు బ్యాంకులో ఉన్నాయి గానీ ఏ పద్దులోనూ లేవు.

తప్పు నాదే. ఒకే పేరు, ఒకే మొత్తం, ఒకే తేదీ కనబడితే రెండోది పొరపాటనుకొని వదిలేయమని కోడ్ రాశాను. అది డబ్బు రెండుసార్లు పోకుండా ఆపలేదు, పుస్తకంలోకి ఎక్కకుండా మాత్రమే ఆపింది. ఎవరైనా ఒకే రోజు తండ్రి పేరున రెండు వేలు, తల్లి పేరున రెండు వేలు ఇచ్చి ఉంటే అందులోనూ ఒకటి మాయమయ్యేది. చూడటానికి ఒకేలా ఉన్నంత మాత్రాన రెండు విరాళాలు ఒకటైపోవు. ఈ సంగతి గ్రహించాక ఆ పేజీని నాలుగు సూత్రాల మీద తిరగరాశాను.

1. డబ్బు కదలకముందే నంబరు ఇవ్వాలి

దాత పేజీ తెరవగానే సర్వర్ ఆ విరాళానికి మరెక్కడా రాని ఒక నంబరు ఇవ్వాలి. 128 బిట్ల యూయూఐడీ ఇందుకు సరిపోతుంది. బటన్ ఎన్నిసార్లు నొక్కినా అదే నంబరు వెళుతుంది. మొదటిసారి కొత్త పద్దు పడుతుంది. రెండోసారి మొదటి పద్దు ఎంతవరకు వచ్చిందో చూపిస్తే చాలు. నిజంగా మరోసారి ఇవ్వదలిస్తే పేజీ మళ్లీ తెరుస్తారు, కొత్త నంబరు వస్తుంది. లిఫ్ట్ బటన్ పదిసార్లు నొక్కినా లిఫ్ట్ ఒక్కసారే వస్తుంది కదా, ఇదీ అంతే. ఈ గుణాన్ని ఐడెంపొటెన్సీ అంటారు. వెబ్ నియమాల ప్రకారం గెట్, పుట్, డిలీట్ అభ్యర్థనలకు ఈ గుణం ఉండాలి. పోస్ట్‌కు ఆ హామీ లేదు. విరాళం వెళ్లేది పోస్ట్ ద్వారానే కాబట్టి ఆ బాధ్యత మనం తీసుకోవాలి.

ఇక్కడ పిల్లలు ఒక చోట జారిపడతారు. "ఈ నంబరు ముందే ఉందా అని వెతుకు, లేకపోతే రాయి" అని కోడ్ రాస్తారు. రెండు అభ్యర్థనలు ఒకే క్షణంలో వస్తే రెండూ వెతుకుతాయి, రెండింటికీ కనబడదు, రెండూ రాస్తాయి. అందుకే ఆ కాపలా డేటాబేస్‌కే అప్పగించాలి. నంబరు గడికి యూనిక్ నిబంధన పెడితే రెండోదాన్ని డేటాబేసే తిప్పికొడుతుంది. పేమెంట్ గేట్‌వేలో ఇలాంటి సదుపాయం ఉంటే అదే నంబరును అక్కడికీ పంపాలి. అప్పుడు అక్కడ కూడా డబ్బు రెండోసారి తీయరు.

2. జవాబు రాకపోతే విఫలమైందని రాయకూడదు

ముప్పై సెకన్లలో జవాబు రాలేదంటే డబ్బు పోలేదని కాదు, మనకింకా తెలియదని అర్థం. ఆ పద్దును పెండింగ్‌లో ఉంచి, గేట్‌వేను మళ్లీ అడగాలి. దాతకు కూడా "విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" అని చూపకూడదు. ఆ మాట చూసే చాలామంది రెండోసారి చెల్లిస్తారు.

దాత ఫోన్‌లో ధన్యవాదాల పేజీ కనబడిందని రసీదు ఇవ్వడమూ తప్పే. ఆ పేజీ చిరునామా తెలిస్తే ఎవరైనా తెరవగలరు. గేట్‌వే నేరుగా మన సర్వర్‌కు పంపే సందేశాన్ని, అంటే వెబ్‌హుక్‌ను, దాని డిజిటల్ సంతకం సరిచూసుకున్నాకే నమ్మాలి. ఒకే సందేశం రెండుసార్లు రావడమూ మామూలే. అప్పుడూ మనల్ని కాపాడేది ఆ నంబరే.

3. డబ్బును పైసల్లో దాచాలి

జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. మన దశాంశ భిన్నాల్లో చాలావాటిని కంప్యూటర్ రెండంకెల పద్ధతిలో కచ్చితంగా రాయలేదు. రూ. 2,000ను 2,00,000 పైసలుగా, పూర్ణాంకంగా దాస్తే ఈ చిక్కు ఉండదు. తెర మీద చూపేటప్పుడు మాత్రమే రూపాయల్లోకి మార్చాలి.

4. పద్దును చెరపకూడదు

పాత దుకాణాల ఖాతా పుస్తకంలో తప్పు పడితే కాగితం చింపేవారు కాదు, ఎదురు పద్దు రాసేవారు. ప్రోగ్రాంలోనూ అంతే. డబ్బు వాపసు ఇస్తే పాత వరుస అలాగే ఉండాలి, వాపసుకు కొత్త వరుస పడాలి. పద్దు, రసీదు రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. మధ్యలో కరెంటు పోతే రెండూ ఉండాలి, లేదా రెండూ ఉండకూడదు. జకాత్, సదఖా, స్కాలర్‌షిప్ వంటి పద్దును దాతే ఎంచుకోవాలి. అది తర్వాత ఆఫీసులో ఊహించి నింపే గడి కాకూడదు.

పని పూర్తయ్యాక పరీక్ష చేయండి. బటన్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కండి. చెల్లింపు మధ్యలో ఫోన్ డేటా ఆపేయండి. ఒకే వెబ్‌హుక్‌ను మళ్లీ పంపండి. చివరికి పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్ పైసాతో సహా కలవాలి.

దాతలకు ఒక విన్నపం. మీరు విరాళం ఇచ్చే సంస్థను మూడు ప్రశ్నలు అడగండి. పొరపాటున రెండుసార్లు నొక్కితే ఏమవుతుంది? నేను ఎంచుకున్న పద్దు రసీదు మీద కనబడుతుందా? బ్యాంకు లెక్కను, పుస్తకాన్ని ఎన్ని రోజులకోసారి సరిచూస్తారు? ఇలా అడగడం అనుమానించడం కాదు. ఆ పెద్దాయన అడగకపోయి ఉంటే నా తప్పు నాకు తెలిసేదే కాదు.

ఆ సాయంత్రమే మిగతా రెండు వేలు జకాత్ పద్దులో రాయించి ఆయనకు రెండో రసీదు పంపాం. కోడ్ సరిచేయడానికి మాత్రం వారం పట్టింది.