సిలబస్‌లో లేని పుస్తకం

సికింద్రాబాద్‌లో బౌద్ధనగర్, పక్కనున్న వారాసిగూడ, పార్శీగుట్ట, సీతాఫల్‌మండిల్లో ఏ సందులోకి తిరిగినా మేడమీది చిన్న గదిలో చదువుకుంటున్న పిల్లలు కనిపిస్తారు. నల్లగొండ నుంచి, ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి వచ్చి, ముగ్గురు నలుగురు కలిసి గది అద్దెకు తీసుకుని, వంతులేసుకుని వండుకుంటారు. పొద్దున్నే డబ్బా కట్టుకుని జామై ఉస్మానియా స్టేషన్ దాటి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడుస్తారు. యూనివర్సిటీ లైబ్రరీ రీడింగ్ హాల్లో కుర్చీ దొరికితే సరే, లేకపోతే చెట్టు కింద కూర్చుంటారు. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, బ్యాంకు... నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకపోయినా చదువు మాత్రం ఆపరు. ఈ నగరంలో వీళ్లంత సేపు పుస్తకం ముందు కూర్చునేవాళ్లు ఇంకెవరూ లేరని నా నమ్మకం.

వాళ్లతో మాట్లాడేటప్పుడు నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: నీకిష్టమైన పుస్తకం ఏది? చాలామంది లక్ష్మీకాంత్ పాలిటీ అంటారు. కొందరు యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ అంటారు. రెండూ మంచి సమాధానాలే. మొదటిది ఉద్యోగం దాకా తీసుకెళ్తుంది, రెండోది తెల్లవారుజామున లేపి కూర్చోబెడుతుంది. పల్లె నుంచి ఒంటరిగా వచ్చిన పిల్లవాడికి ధైర్యం చెప్పే పుస్తకాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే ఉద్యోగం వచ్చాక వాళ్లు కూర్చోబోయే కుర్చీ గురించి కూడా ఆలోచించాలి. ఆ కుర్చీ ఎదుట పింఛను రాని ముసలమ్మ నిలబడుతుంది. భూమి కాగితంలో తండ్రి పేరు తప్పుపడిన రైతు నిలబడతాడు. ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వినడం, చెప్పలేక మింగినదాన్ని పట్టుకోవడం అప్పుడు కావాలి. సలహాలు చదివితే అది అలవడదు, దానికి సాధన కావాలి. నాకు తెలిసినంతలో ఆ సాధనకు మంచి నవలను, మంచి నాటకాన్ని మించింది లేదు.

ఇదే సికింద్రాబాద్‌లో అలా తయారైన మనిషి ఒకరుండేవారు. వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లా మాధవరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు, బడి చదువు సాగలేదు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంటపని చేస్తూ, ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకున్నారు. హోటల్లో పనిచేశారు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, అచ్చువేసిన పుస్తకాలను మోసుకుంటూ ఊరూరూ తిరిగి అమ్మారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజులవి. 1901లో కోఠి దగ్గర శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టడం ఎంత పెద్ద విషయమో, ఆ తర్వాత ముప్పైఏళ్లకు పైగా గడిచాక కూడా పుస్తకాన్ని మనిషే మోసుకెళ్లాల్సి రావడం అంత పెద్ద విషయం. ఆయన జైలుకు వెళ్లారు. ఇందూరు (నిజామాబాద్) ఖిల్లా జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడల మీద పద్యాలు రాసినప్పుడు పక్కన ఉన్నది ఈయనే. ఆ తర్వాత ‘ప్రజల మనిషి’ నవల రాశారు, జైల్లో కలిసిన మనుషుల మీద ‘జైలు లోపల’ కథలు రాశారు.

ఆ కథలు నేను చదివింది యూనివర్సిటీలో చేరిన కొత్తలో. దొంగలు, హంతకులు, చిల్లర నేరస్తులు, వాళ్లందరి పక్కనా రచయిత కూర్చుని ఉంటాడు. ఎవరికీ నీతి చెప్పడు. నువ్వెందుకిలా చేశావని నిలదీయడు. వింటాడు, అంతే. వంట చేస్తూ చదువు నేర్చుకున్న మనిషికి, పుస్తకాల మూట మోసిన మనిషికి ఆ వినడం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైనట్టే అనిపించింది. డిగ్రీలు, ఇంటర్వ్యూలు అనే మాటలతోనే వ్యక్తిత్వాన్ని కొలిచే ఈ రోజుల్లో క్యాంపస్ పిల్లలకు నేను మొదట చెప్పే పేరు ఆయనదే.

ఇక నా చదువులో అన్నిటికంటే పెద్ద పాఠం నేర్పిన మనిషి గురించి చెప్పాలి. మా హాస్టల్లో చూపులేని మిత్రుడొకడు ఎమ్మే తెలుగు చదివేవాడు. అప్పట్లో ఫోన్లో పుస్తకం చదివిపెట్టే సౌకర్యాలు లేవు, ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదవాల్సిందే. సాయంత్రం పూట ఆ పని నాది. అతనికి ‘కన్యాశుల్కం’ సిలబస్‌లో ఉంది. 1897 నాటి మొదటి ప్రతి చిన్నది, 1909లో గురజాడ మళ్లీ రాసి పెంచిందే ఇప్పుడు మనం చదివేది. నేను అంతకుముందే చదివేశాను కాబట్టి గిరీశం మాటలన్నీ హుషారుగా, గొంతు మార్చి మార్చి చదివేవాణ్ని. పక్క గదుల్లోంచి వచ్చి వినేవాళ్లు, నవ్వేవాళ్లు. ఒకరోజు లుబ్ధావధాన్లు ఇంట్లో పెళ్లి గొడవ జోరుగా నడుస్తుండగా నా మిత్రుడు చెయ్యి ఎత్తాడు.

“జర ఆగన్నా. గింత లొల్లిల మీనాక్షి యాడుంది? ఆమె ఏం జేస్తుంది?”

నా దగ్గర సమాధానం లేదు. పేజీ వెనక్కి తిప్పాను. మీనాక్షి లుబ్ధావధాన్లు కూతురు, వితంతువు. రామప్పపంతులు మాట నమ్మి మోసపోయింది. తండ్రి చివాట్లు, తన్నులు ఆమెకు మామూలే. అందరి నవ్వుల మధ్య ఆమె ఆ ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది. అతనికి రంగస్థలం కనిపించదు కాబట్టి ఎవరు ఎక్కడ నిలబడ్డారో తనే కట్టుకోవాలి. మాట్లాడేవాళ్లు ఎలాగూ వినిపిస్తారు, మాట్లాడనివాళ్ల జాగా మాత్రం అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాత మేం ఆ నాటకం మొత్తాన్ని అలాగే చదివాం. ప్రతి రంగంలో నోరు మెదపని మనిషి ఎవరు, ఆ సమయంలో వాళ్లకేమవుతోంది అని ఆగి ఆగి చదివాం. బుచ్చమ్మ, మీనాక్షి, బేరానికి సిద్ధమవుతున్న పసిపిల్ల సుబ్బి... వీళ్ల వైపు నుంచి చదువుతుంటే గిరీశం హాస్యం పలచబడుతుంది, భయం వేస్తుంది. మధురవాణి ఎందుకంత గొప్పదో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆ నాటకంలో మిగతావాళ్లు పట్టించుకోని ప్రాణాలను పట్టించుకునేది ఆమే.

ఆ అలవాటు పుస్తకాల దగ్గర ఆగిపోలేదు. తర్వాత ఉద్యోగంలో ఏ మీటింగులో కూర్చున్నా మాట్లాడని మనిషి వైపు నా చూపు దానంతటదే వెళ్లేది. పెళ్లిచూపుల్లో, పంచాయితీల్లో, ఆస్తి పంపకాల్లో మూల కూర్చున్నవాళ్లను ఒక్క మాట అడగడం నేర్చుకున్నాను. అడిగితే చాలాసార్లు వ్యవహారం మొత్తం మలుపు తిరిగేది. నాయకత్వ లక్షణాల గురించి ఎన్నో క్లాసులు విన్నాను గానీ, మా హాస్టల్ మిత్రుడి ఆ ఒక్క ప్రశ్నకు సాటిరాగల పాఠం ఇంతవరకూ నాకు తగల్లేదు.

నా ఇష్టాల్లో మరో పుస్తకం డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. ఆయన చిత్తూరు జిల్లా మనిషి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ చాలా ఏళ్లు గడిపారు. పందులు కాచే ముసలివాడు తప్పిపోయిన చూలుపందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. కథంతా దాదాపు ఆ రాత్రే. అతనికి పేరు లేదు. హెమింగ్వే ముసలి జాలరితో పోల్చి చూసేవాళ్లున్నారు, ఆ పోలిక నిజమే. నన్ను మాత్రం పట్టుకున్నది ఆ ముసలివాడికి అడవి గురించి ఉన్న తెలివి. గాలి ఎటు వీస్తోంది, ఏ పొద వెనక ఏముంది, ఏ చప్పుడుకు అర్థమేమిటి... బడి మొహం చూడని మనిషి తలలో ఎంత శాస్త్రం ఉందో పేజీ పేజీకీ కనిపిస్తుంది. ఆ నవల చదివాక మా వీధిలో చెత్త ఏరుకునేవాళ్లను, మోటారు వైండింగ్ చేసేవాళ్లను, ఉదయాన్నే సైకిల్ మీద ఆకుకూరలు తెచ్చే అవ్వను చూసే తీరు మారింది. వాళ్ల పనిలో వాళ్లకున్న లెక్కేమిటో అడిగి తెలుసుకోవాలనిపించింది. పోటీ పరీక్షల ఒత్తిడిలో నీరసించిన పిల్లలకు నేను ఈ పుస్తకమే ఇస్తాను. చిన్నది, రెండు మూడుసార్లు కూర్చుంటే అయిపోతుంది. ఓర్పు గురించి ఒక్క ఉపదేశమూ లేకుండా ఓర్పును దగ్గర నుంచి చూపిస్తుంది.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ ఇవ్వాలంటే మాత్రం కాస్త ఆలోచిస్తాను. వంశ ప్రతిష్ఠ పట్టుకుని వేలాడుతూ ఆస్తి కరిగించుకున్న సీతారామారావు చేసే ప్రతి పనికీ ఒక వాదన ఉంటుంది, మానేసిన ప్రతి పనికీ మరో వాదన ఉంటుంది. మనసు దిగులుగా ఉన్న రోజుల్లో అది చదివితే బరువు పెరుగుతుంది. కుదురుగా ఉన్నప్పుడు చదవాలి. అప్పుడది అద్దంలా పనిచేస్తుంది. వాయిదా వేయడానికి మనం చెప్పుకునే కారణాలు ఎంత అందంగా ఉంటాయో అందులో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించవు.

అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో వచ్చింది. దాన్ని సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగులోకి తెచ్చారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో ఎన్ని చేతులు మారిందో చెప్పలేం. నేను చదివిన ప్రతి కూడా అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంది. అది చదివిన వేసవిలో ఊరికి వెళ్లి నాయనమ్మను మన పెద్దల పేర్లు చెప్పమని అడిగాను. రెండు తరాల తర్వాత మగవాళ్ల పేర్లు ఆగిపోయాయి. తన తల్లి వైపు ఆడవాళ్ల పేర్లు మాత్రం ఒకదాని వెనక ఒకటి చెప్పుకుంటూ పోయింది. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ కరువులో ఏమమ్ముకున్నారు, ఎవరి కాన్పు ఏ చేను గట్టున జరిగింది, అన్నీ చెప్పింది. నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆఫ్రికా నుంచి సంకెళ్లతో వచ్చిన కుంటా కింటే కథ నన్ను తిన్నగా మా ఇంటి వాకిట్లో కూర్చోబెట్టింది. మా నాయనమ్మను అంతకుముందు ఆ విషయాలు అడిగినవాళ్లే లేరు.

చదవడంలో నాకు పనికొచ్చిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. నచ్చిన పుస్తకాన్ని నాలుగైదేళ్లు ఆగి మళ్లీ చదవాలి. పుస్తకం అదే ఉంటుంది కాబట్టి మనలో వచ్చిన మార్పు తేలిగ్గా తెలిసిపోతుంది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ విద్యార్థిగా ఉన్నప్పుడు నాకు సాగలేదు, పక్కన పెట్టేశాను. నడివయసులో తీస్తే దయానిధి ఒంటరితనం వాక్యవాక్యానా తగిలింది. కాబట్టి పట్టని పుస్తకంతో కుస్తీ పట్టనక్కర్లేదు, దాని సమయం వేరే ఉందనుకోవాలి. రెండోది, బాగా నచ్చిన పేజీని ఎవరికైనా పైకి చదివి వినిపించాలి. గొంతులో పడితేగాని వాక్యం బిగువు తెలియదు. ఇక డబ్బు సంగతి అంటారా, ఆదివారం కోఠి, ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద సినిమా టికెట్ ధరలోపే మంచి పుస్తకం దొరుకుతుంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ ఉంది. అక్కడ మూడు నాలుగు పుస్తకాలు ముందే అనుకుని వెళ్లడం మంచిది, లేకపోతే సంచీ బరువెక్కుతుంది గానీ చదువు సాగదు.

ప్రిలిమ్స్ దగ్గర పడుతుంటే నవలా అని కొందరు పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పరీక్ష ముందు నెల వద్దు, మిగతా రోజుల్లో రాత్రి పడుకునేముందు పది పేజీలు చాలు. ఫోన్ చూసే సమయంలోంచి తీసుకుంటే సిలబస్‌కు వచ్చే నష్టమేమీ లేదు.

కొంతకాలంగా ఆదివారం సాయంత్రాలు మా ఇంట్లో కొందరు పిల్లలు చేరుతున్నారు. వంతులవారీగా పైకి చదువుతాం. ఇప్పుడు దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నడుస్తోంది. సికింద్రాబాద్ మున్సిపాలిటీలో ఉద్యోగం చేస్తూ నవలలు రాసి, నాలుగు వేదాలనూ తెలుగులోకి తెచ్చిన మనిషి ఆయన. పోయిన వారం దొర గడిలో సంభాషణ చదువుతుంటే, వనపర్తి వైపు అమ్మాయి చదవడం ఆపి, “ఈ మాట మా తాత గిట్లనే అంటడు సార్” అంది. ఆదిలాబాద్ అబ్బాయి తమ వైపు అలా అనరన్నాడు. ఆ ఒక్క మాట మీద అరగంట వాదించుకున్నారు. నా హాస్టల్ మిత్రుడు కూడా ఫోన్లో వింటున్నాడు. వాదన సద్దుమణిగాక అతను తన ప్రశ్న తను అడిగాడు. దొర మాట్లాడుతున్నప్పుడు గడిలో దాసీలైన ఆడబాపలు ఎక్కడున్నారు? పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఆ ప్రకరణం మొదటికి తిప్పారు.