కొసరి వడ్డించే తీరిక

చిరంజీవి అమ్మడికి,

వైశాఖంలో పెట్టుకున్న రిసెప్షన్‌కు నువ్వు వేసిన స్వీట్ల ప్లాను చదివాను. ఎనిమిది వందల మందికి తొమ్మిది లైవ్ కౌంటర్లు అనుకున్నావు: చాక్లెట్ ఫౌంటెన్, పొగలొచ్చే నైట్రోజన్ ఐస్‌క్రీమ్, ఐస్‌క్రీమ్ రోల్స్, వాఫిల్, జిలేబీ, బొబ్బట్లు, కుల్ఫీ, పీచు మిఠాయి, చివర్లో పాన్. రంగులు, లైట్లు, బల్లల అమరిక అన్నీ శ్రద్ధగా గీశావు. కానీ ఒక్కో కౌంటర్ గంటలో ఎంతమందికి పెట్టగలదన్న లెక్క ఆ కాగితాల్లో ఎక్కడా కనపడలేదు. నా దృష్టిలో ఈ పనికి అదే పునాది. తీపి కౌంటర్‌ను నిలబెట్టేది ఐటెముల సంఖ్య కాదు, వింతలూ కాదు. ఎదుట నిలబడ్డ ఒక్క అతిథిని పట్టించుకునే తీరిక వడ్డించే మనిషికి ఉండాలి. ఆ తీరికను నిమిషాల్లో కొలవచ్చు, ముందుగా లెక్క వేసుకోవచ్చు. దాని చుట్టూనే ప్లాను అల్లాలి.

లెక్క చూడు. రాత్రి ఎనిమిది నుంచి పదిన్నర వరకు భోజనాలని కార్డులో వేసినా, జనం అలా సమంగా రారు. ఎనిమిది వందల మందిలో సగం మంది ఒకే గంటలో స్వీట్ల దగ్గరికి చేరతారనుకుంటే, ఆ గంటలో నాలుగు వందల మంది. ఐస్‌క్రీమ్ రోల్ ఒకటి పళ్ళెం మీద పరిచి, గీకి, చుట్టి ఇవ్వడానికి రెండున్నర, మూడు నిమిషాలు పడుతుంది. అంటే ఒక పళ్ళెం మీద గంటకు ఇరవై, ఇరవై అయిదు మందికి మించి అందదు. ఒక పెనం మీద ఆరేసి బొబ్బట్లు మూడు నిమిషాలకొక వాయి తీస్తే గంటకు 120. జిలేబీ వెడల్పాటి పెనంలో ఇరవై చుట్లు నాలుగు నిమిషాలకు దిగితే గంటకు 300, మనిషికి రెండు చొప్పున నూటయాభై మందికి. పేపర్ మీద మూడూ లైవ్ కౌంటర్లే, కానీ ఒకదాని శక్తి ఇంకొకదానికి ఆరు రెట్లు. ఆ తేడా చూసుకోకుండా మూడింటికీ ఒకే సైజు బల్ల, ఇద్దరేసి మనుషులు అని రాశావు. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు ఒక చిన్న సూత్రాన్ని నిరూపించాడు: క్యూలో ఉండే మనుషుల సంఖ్య, నిమిషానికి వచ్చి చేరేవారిని ఒక్కొక్కరు ఆగే నిమిషాలతో గుణిస్తే వస్తుంది. నిమిషానికి నలుగురు వచ్చి, ఒక్కొక్కరు అయిదు నిమిషాలు ఆగితే ఎప్పుడు చూసినా ఇరవై మంది నిలబడి ఉంటారు. మనిషికి రెండడుగుల చొప్పున వేసుకున్నా అది నలభై అడుగుల వరస. నీ బొమ్మలో జిలేబీ పొయ్యికీ ఐస్‌క్రీమ్ బల్లకూ మధ్య వదిలిన చోటు పన్నెండు అడుగులే.

క్యూ ఉంటేనే కళ, రద్దీ చూసే జనం వస్తారు అని నీతోటి వాళ్ళు అంటారు. దుకాణం ముందు ఆ మాట కొంతవరకు చెల్లుతుంది, ఎందుకంటే అక్కడికి వచ్చినవాడు కొనడానికి వచ్చాడు. పెళ్ళికి వచ్చినవాడిని మనం పిలిచాం. పట్టుచీర కట్టుకుని, చంకలో పసిబిడ్డతో మరుగుతున్న నూనె పక్కన పది నిమిషాలు నిలబడే ఆవిడకు ఆ రద్దీలో కళ కనిపించదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన వరస పొడుగు చూసి వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చుంటాడు, తీపి తినకుండానే ఇంటికి వెళ్తాడు. గుంటూరు, ఒంగోలు వైపు పెళ్ళి భోజనం గురించి జనం ఏళ్ళ తరబడి చెప్పుకునేది వడ్డన గురించే. బంతిలో కూర్చున్న మనిషి దగ్గరికి వచ్చి, ఇంకొక్కటి వేయించుకో అని కొసరి వడ్డించడం ఇక్కడి మర్యాద. బఫే వచ్చాక మనిషే వంటకం దగ్గరికి నడవాల్సి వచ్చింది. లైవ్ కౌంటర్ వల్ల ఏదైనా మేలుందంటే అది పోయిన ఆ మాటామంతీని తిరిగి తేగలగడమే. తలెత్తి అతిథి ముఖం చూసే వ్యవధి లేని కుర్రాడు ఆ పని చెయ్యలేడు, వాడి చేతిలో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా.

మన వంటల్లోనే దీనికి సరిగ్గా సరిపోయేది ఉంది, పూర్ణం బూరె. వేడి బూరెను పైన చిదిమి, గుంటలో నెయ్యి పోసుకుని తినడం ఇక్కడ అందరికీ తెలిసిందే. అతిథి పాలుపంచుకునే తీపి అంటూ పట్టణాల్లో ఇప్పుడు కొత్తగా అమ్ముతున్నదంతా అందులో ఉంది: కళ్ళెదుట జరిగే పని ఉంది, ఎంపిక ఉంది, వాసన ఉంది. పెద్ద బాణలిలో వాయికి నలభై బూరెలు అయిదు నిమిషాల్లో వేగితే గంటకు 480. వెనక ఆ పొయ్యి నడుస్తుంటే, ముందు బల్ల దగ్గర ఇద్దరు నిలబడి బూరె చిదిమి, నెయ్యి ఎంత కావాలో అడిగి, వేసి ఇస్తారు. ఒక్కొక్కరికి పదిహేను సెకన్లు చాలు. ఇద్దరూ కలిసి గంటకు 480 మందికి పెట్టగలరు, ప్రతి ఒక్కరినీ ఒక మాట అడగగలరు. పూతరేకులూ అంతే. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకుల తయారీలో బోర్లించిన వేడి కుండ మీద పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ పరిచి లాగితే, క్షణంలో కాగితంలాంటి రేకు లేస్తుంది. పిల్లలు కళ్ళు విప్పార్చి చూసే పని అది. ఒక మూల ఆ కుండ పెట్టించు. మడిచి ఇచ్చే బల్ల మీద మాత్రం ముందే తీసిన రేకులు ఉంచు. బెల్లం పొడా, పంచదారా, జీడిపప్పు వెయ్యాలా అని అతిథిని అడిగి మడిచి ఇవ్వడానికి అరనిమిషం.

ముందే చేసిపెట్టి చివరి మడత మాత్రమే ఎదుట వేస్తే అది లైవ్ ఎలా అవుతుంది, జనాన్ని మోసం చేసినట్టు కాదా అని నువ్వు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. పూర్ణం ఉడకబెట్టి ఉండ చేయడానికే గంటలు పడుతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు, దాన్ని ఎదుట చేస్తామని ఎవరూ నమ్మరు, మనం చెప్పనూ చెప్పం. చెప్పనిది మోసం కాదు. అతిథి కోరేది రెండే: వేడి తగ్గకుండా చేతికి రావాలి, తన ఇష్టం ప్రకారం రావాలి. ఆ రెండూ చివరి అరనిమిషంలోనే తేలుతాయి. కాబట్టి ఏ ఐటెమ్‌ను జాబితాలో రాసుకునే ముందైనా, దాని చివరి పని అరనిమిషంలో ముగుస్తుందా, ఆ అరనిమిషంలో అతిథి ఎంచుకోగలిగేది ఏదైనా ఉందా అని చూడు. ఈ పరీక్షలో వాఫిల్, ఐస్‌క్రీమ్ రోల్ తప్పుతాయి. కుల్ఫీ, జిలేబీ, బూరె, పూతరేకు నిలుస్తాయి. బొబ్బట్టు కావాలంటే మూడు పెనాలు వెయ్యాలి.

పొగల ఐస్‌క్రీమ్ సంగతి కొంచెం గట్టిగానే చెబుతాను. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పూర్తిగా ఆవిరి కాకుండా లోపలికి వెళ్తే కడుపును కాల్చేస్తుంది. బెంగళూరులో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో పొగ పాన్ తిన్న పన్నెండేళ్ళ అమ్మాయికి కడుపులో చిల్లు పడి ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చిన సంగతి 2024లో పత్రికల్లో వచ్చింది. అదే ఏడాది మార్చిలో గురుగ్రామ్‌లో ఒక రెస్టారెంటులో నోటి శుభ్రానికి ఇచ్చిందనుకుని డ్రై ఐస్ తిన్నవారు రక్తం కక్కుకుని ఆసుపత్రి పాలయ్యారు. శిక్షణ ఉన్నవాడైతే ప్రమాదం లేదు కదా అంటే, ఆ శిక్షణ ఉన్నవాడికి కూడా ఆవిరి పూర్తిగా పోయేదాకా ఆగే తీరిక కావాలి. నలభై మంది పిల్లలు బల్ల మీదికి ఎగబడుతుంటే ఆ తీరిక ఎక్కడి నుంచి వస్తుంది? నా మాట విని ఆ కౌంటర్, పాన్‌లో పొగ, రెండూ తీసెయ్యి.

చాక్లెట్ ఫౌంటెన్‌ది మరో ఇబ్బంది. వైశాఖంలో మన దగ్గర పగలు నలభై దాటుతుంది, రాత్రి ఎనిమిదికి కూడా గాలి వేడిగానే కొడుతుంది. పైగా పొలాల పక్కన తోటలో లైట్లు వేస్తే పురుగులు వాటి చుట్టూ చేరతాయి, తెరిచి పారే చాక్లెట్‌లో పడతాయి. పిల్లలు సగం కొరికిన పండును మళ్ళీ ముంచుతారు. అంతగా కావాలంటే మూత ఉన్న గిన్నెలో చాక్లెట్ ఉంచి, గరిటెతో పండు మీద పోసి ఇప్పించు. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని, వేడివి 60 డిగ్రీల పైన, చల్లవి 5 డిగ్రీల లోపల ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గాలి వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువు అంటుంది అమెరికా వ్యవసాయ శాఖ. మన పెళ్ళిళ్ళ సీజనులో సగం ఆ రెండో లెక్క కిందికే వస్తుంది. పచ్చికొబ్బరి, పాలు, పూర్ణం త్వరగా పాడయ్యేవి, కాబట్టి కొద్దికొద్దిగా బయటికి తెప్పించు. వేయించే నూనెలో అది కాగి విరగడం వల్ల ఏర్పడే పదార్థాలు 25 శాతం దాటకూడదన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం 2018 నుంచి ఉంది. కొలిచే పరికరం నీ దగ్గర ఉంచుకో. వంటవాళ్ళు మొదట చికాకుపడతారు, తర్వాత అలవాటుపడతారు.

ఇవన్నీ సరే, పెళ్ళివారు తొమ్మిది అడుగుతున్నారు, నేను నాలుగు అంటే ఇంకొకరి దగ్గరికి పోతారు అన్నది నీ అసలు భయం. అది నిజమైన భయమే, కొట్టిపారేయను. అయితే వాళ్ళ డబ్బు ఎక్కడిదో ఒకసారి ఆలోచించు. పత్తి, మిర్చి అమ్మాక ముహూర్తం పెట్టుకునే ఇళ్ళు ఇవి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ ధరన చూస్తే, అదనపు కౌంటర్ల మీద పెట్టే లక్ష రూపాయలు ఎనిమిదిన్నర క్వింటాళ్ళ మిర్చి. ఎరువూ మందూ కూలీ పోగా అంత మిగలడానికి రైతు ఎన్ని ఎకరాలు కష్టపడాలో నీకు నేను చెప్పనక్కర్లేదు. పెళ్ళికూతురి తండ్రి ముందు క్యూ లెక్క కాగితం పెట్టు. తొమ్మిది కౌంటర్లతో ఎంతమంది తీపి తినకుండా వెళ్తారో, నాలుగింటితో ఎంతమందికి వేడివేడిగా అందుతుందో చూపించు. మిర్చి యార్డులో తూకం చూసే మనిషికి లెక్క అర్థంకాకపోవడమనేది ఉండదు. అయినా తొమ్మిదే కావాలంటే, ఆ తొమ్మిదికి సరిపడే మనుషుల ఖర్చు కూడా రాసి ఇవ్వు. మనుషులు లేని తొమ్మిదికి మాత్రం ఒప్పుకోకు, అక్కడ పోయేది నీ పేరు.

వైశాఖానికి ఇంకొకటి సూచిస్తాను: తాటి ముంజలు. పొట్టు తీసినవి మంచు మీద పెట్టి, నిమ్మరసం చుక్క వేసి ఇస్తే చాలు, పంచదార అక్కర్లేదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని 2023లో వచ్చిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం చెప్పింది. షుగరున్న మామయ్య వరసలోకే రాడు, కాబట్టి వడ్డించేవాడే చిన్న సైజు బూరె ఉంది, ముంజలు ఉన్నాయి అని చెప్పగలగాలి. ముంజలకు వడ్డించే పనే పది సెకన్లు. నిలబడలేనివారికోసం, ఆగడం ఇష్టం లేనివారికోసం ఒక బల్ల విడిగా వెయ్యి. ఒంగోలు నుంచి అల్లూరయ్య మైసూర్ పాక్ తెప్పించి అక్కడ పెట్టు, దానికి పొయ్యీ వద్దు, క్యూ వద్దు. ఇద్దరు కుర్రాళ్ళను పళ్ళేలతో కుర్చీల వరసల్లోకి పంపించు, పెద్దవాళ్ళు లేవకుండానే తినాలి. సిలిండర్లు షామియానా బయట, నూనె పొయ్యి అతిథుల దారికి రెండు మీటర్లు అవతల, దాని పక్కనే మూత ఉండాలి. నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యవద్దని ప్రతి మనిషికీ ముందే చెప్పు.

మనుషుల మాట మిగిలింది. మాఘ ఫాల్గుణాల్లో పెళ్ళిళ్ళకు ఒప్పుకున్నప్పుడు గుర్తుంచుకో, అప్పుడు మిరప కోతలు నడుస్తుంటాయి, పల్లెల్లో చేతులు దొరకవు, దొరికినా పొద్దుటి నుంచి చేల్లో వంగి వచ్చినవాళ్ళే దొరుకుతారు. వాళ్ళను ఆరు గంటలు పొయ్యి ముందు నిలబెట్టి అతిథితో చిరునవ్వుతో మాట్లాడమంటే కుదరదు. గంటకొకసారి చేతులు మార్చు, కూర్చోవడానికి స్టూళ్ళు వేయించు, మజ్జిగ పెట్టించు, వాళ్ళ భోజనం అతిథుల కంటే ముందే అయిపోయేలా చూడు. కూలి ఆ రాత్రే చేతిలో పెట్టు, కేటరర్ వారం తర్వాత ఇస్తాడని వదిలెయ్యకు. ఈ మార్పులతో ప్లాను మళ్ళీ గీసి, ప్రతి కౌంటర్ పక్కన మనిషికి ఎన్ని సెకన్లో రాసి పంపు.

— పెదనాన్న