ఒంటికాలిమీద బరువెంత?

బరువు తూచే యంత్రం మీద ముందు రెండు కాళ్లతో నిలబడండి. తరువాత ఒంటికాలి మీద. ఆ తరువాత గొంతుక్కూర్చుని కండలు గట్టిగా బిగించండి. మూడింటిలో ఎప్పుడు బరువు ఎక్కువ చూపిస్తుంది? లేక మూడుసార్లూ ఒకటేనా?

యంత్రం ఎక్కకముందే మీ జవాబు అనుకోండి.

ఇది జపాన్‌లో ఒక సైన్సు పాఠంలోని ప్రశ్న. కియోనోబు ఇతాకురా (1930-2018) అనే విద్యావేత్త 1963లో 'ఊహ-ప్రయోగ తరగతి' అనే పద్ధతిని ప్రతిపాదించాడు. ఇందులో ఉపాధ్యాయుడు జవాబు చెప్పడు. ప్రశ్న వేసి, రాగల జవాబులు కొన్ని ఇస్తాడు. ప్రతి విద్యార్థీ ఒకదానికి చెయ్యెత్తాలి. ఎన్ని చేతులు లేచాయో నల్లబల్ల మీద రాస్తారు. తరువాత కారణాలు చెప్పుకుంటారు. "ఎందుకో అలా అనిపించింది" అన్నా తప్పులేదు. ఆపైన వాదన. మనసు మారినవాళ్లు జవాబు మార్చుకోవచ్చు. అన్నీ అయ్యాకే ప్రయోగం.

మీ తరగతిలో ఈ ప్రశ్న వేశారనుకుందాం. "ఒంటికాలి మీద నిలబడితే కాలు నొప్పెడుతుంది, కాబట్టి బరువు పెరిగినట్టే" అని ముప్పైమంది అన్నారు. "కొత్తగా ఏమీ తినలేదుగా, బరువు ఎక్కడినుంచి వస్తుంది?" అని నలుగురే అన్నారు. ఎన్నికలైతే ముప్పైమందే గెలిచేవారు. కాని యంత్రం మూడుసార్లూ ఒకే బరువు చూపిస్తుంది! ముల్లు నిలకడగా ఆగాకే చూడాలి సుమా. కూర్చునేటప్పుడు అది ఊగుతుంది. ఆ ఊపును చూపించి "మేమే గెలిచాం" అనేవాళ్లు తప్పక ఉంటారు.

మరి నొప్పి అబద్ధమా? కాదు. అదే బరువు సగం చోటులో పడింది. పెరిగింది పీడనం, బరువు కాదు. ముప్పైమంది నోరు విప్పకపోతే ఈ సంగతి చర్చకే వచ్చేది కాదు.

విహారయాత్ర ఎక్కడికో చేతులెత్తి తేల్చుకోవచ్చు, బరువును అలా తేల్చలేం. అయినా చేతులు లెక్కపెట్టడం ఎందుకు? మన తరగతుల్లో మామూలుగా ఫస్టు మార్కులవాడు జవాబు చెబుతాడు, మిగతావాళ్లు "అవునండీ" అంటారు. అప్పుడు ఎవరు ఏమనుకుంటున్నారో ఎవరికీ తెలియదు, ఒక్కోసారి అనుకున్నవాళ్లకే తెలియదు. చెయ్యెత్తినవాడికి మాత్రం తన జవాబంటూ ఒకటి ఉంటుంది. దాన్ని నిలబెట్టుకోవాలి, లేదా ఎదుటివాడి కారణం నచ్చితే వదులుకోవాలి. నలుగురే ఉన్న పక్షాన్ని ముందు మాట్లాడనిస్తే మంచిదని నా అభిప్రాయం. ముప్పైమంది కేకల తరువాత వాళ్లకు గొంతు పెగలడం కష్టం.

రేపు మీ తరగతిలో ఇంకో ప్రశ్న వేసి చూడండి. ఒక గ్లాసు నీళ్లు, పక్కన కాగితంలో చెంచాడు పంచదార కలిపి తూచారు. తరువాత పంచదార నీళ్లలో పోసి, కనబడకుండా కరిగించి, ఖాళీ కాగితంతో సహా మళ్లీ తూచారు. బరువు తగ్గుతుందా, పెరుగుతుందా, అంతే ఉంటుందా?