ఒకే రక్తం, రెండు అంకెలు

సందేహం: మా చెల్లికి తొమ్మిదో నెల. ఒక ల్యాబులో ఫైబ్రినోజెన్ 520 అన్నారు, మర్నాడు ఇంకో ల్యాబులో 430 వచ్చింది. రెండింటి పక్కనా ‘ఎక్కువ’ అని గుర్తు పెట్టారు. భయంగా ఉంది.
– ఓ పాఠకురాలు, మలికిపురం

సమాధానం: భయపడకండమ్మా. ఫైబ్రినోజెన్ అంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్. ముందు అంకె కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘మెథడ్’ చూడండి. ‘క్లౌస్’ అని ఉంటే, పలుచన చేసిన ప్లాస్మాలో త్రాంబిన్ దండిగా కలిపి, ఎన్ని సెకన్లకి గడ్డకట్టిందో కొలిచారని అర్థం. ఫైబ్రినోజెన్ తగ్గేకొద్దీ సెకన్లు పెరుగుతాయి. 1957లో వచ్చిన ఈ పద్ధతినే వైద్యులు ఇప్పటికీ ఎక్కువగా నమ్ముతారు.

‘పీటీ డిరైవ్డ్’ అని ఉంటే దానికంటూ విడిగా పరీక్ష చేయలేదన్నమాట. రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ పరీక్ష నడుస్తుండగా ప్లాస్మా ఎంత మసకబారిందో చూసి మిషనే లెక్కగడుతుంది. ఖర్చు తక్కువే గానీ తరచూ ఎక్కువ చూపిస్తుంది. రక్తస్రావంలో ఫైబ్రినోజెన్ పడిపోయినా బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు, ముప్పు అక్కడే. పద్ధతులు వేరైతే 520 నుంచి 430కి ‘తగ్గింది’ అనుకోకూడదు.

పద్ధతి ఒకటే అయినా తేడా రావచ్చు. నీలం మూత ట్యూబులో 1 వంతు సిట్రేట్‌కి 9 వంతుల రక్తం పడాలి. గీత దాకా నిండకపోతే ప్లాస్మా పలచబడి అంకె తగ్గుతుంది.

రిపోర్టులో వేసే 200–400 మామూలు పెద్దవాళ్లకి. నెలలు నిండేసరికి 400–600 ఉండడం సహజమే. కాన్పులో రక్తం పోతూ 200 కంటే దిగితే మాత్రం క్షణం ఆలస్యం చేయకూడదు.

సందేహం: మావాడికి చిన్న దెబ్బ తగిలినా రక్తం ఓ పట్టాన ఆగదు. ‘యాంటిజెన్’ పరీక్షలో ఫైబ్రినోజెన్ సరిగ్గా ఉంది, క్లౌస్‌లో తక్కువ. ఏది తప్పు?
– ఓ తండ్రి, సఖినేటిపల్లి

సమాధానం: ఏదీ తప్పు కాకపోవచ్చు. యాంటిజెన్ పరీక్ష రాశిలో కాయలు లెక్కపెడుతుంది. క్లౌస్ కాయ కొట్టి లోపల కొబ్బరుందో లేదో చూస్తుంది. ఫైబ్రినోజెన్ ఉండీ సరిగ్గా పనిచేయని పుట్టుకలోపం ఒకటుంది. రెండు రిపోర్టులూ పట్టుకుని రక్తవ్యాధుల నిపుణుణ్ణి కలవండి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందేమో కూడా చెప్పండి.

సందేహం: తోటలో మా అన్నయ్యని రక్తపింజరి కరిచింది. డాక్టరు గారు రక్తం తీసి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కూర్చోబెట్టారు. ల్యాబుకి ఎందుకు పంపలేదు?
– ఓ రైతు, రాజోలు

సమాధానం: ఆయన చేసింది సరైన పనే. ఆ విషం ఒంట్లోని ఫైబ్రినోజెన్‌ని ఖర్చు చేసేస్తుంది. అంకె కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు. కొత్తది, పొడిగా ఉన్న గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం పోసి కదపకుండా ఉంచుతారు. 20 నిమిషాలయ్యాక వంచితే రక్తం జారిందా, విరుగుడు ఎక్కించాల్సిందే. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగినది వాడినా ఫలితం తప్పుతుంది.

ఇది మోటు పరీక్ష. ఫైబ్రినోజెన్ బాగా పడిపోయాకే పట్టిస్తుంది. అందుకే మొదటిసారి గడ్డకట్టినా ఇంటికి పంపేయరు, మళ్లీ మళ్లీ చూస్తారు. విరుగుడు ఎక్కించిన 6 గంటలకి ఇంకోసారి చేస్తారు. క్లౌస్ రిపోర్టు దొరికితే మంచిదే. అది వచ్చేదాకా వైద్యం మాత్రం ఆపకూడదు.